ఆదివారం బడికి అక్కలు కావాలి!

ఆదివారం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి ఏమిటి? తలంట్లు, కోడికూర, వారం రోజుల బట్టల మూట, మధ్యాహ్నం కాస్త కునుకు. అదే ఆదివారం పొద్దున్నే పనంతా ముగించుకుని, చేతిసంచీలో రంగు పెన్సిళ్లు, పాత క్యాలెండర్లు, ఓ బిస్కట్ల పొట్లం వేసుకుని బయల్దేరే ఆడవాళ్లు కొందరున్నారు. వాళ్లకు జీతం లేదు. సంఘం కమిటీ ఫొటోలో వాళ్లు కనిపించరు. కానీ వాళ్లు ఒక్క వారం రాకపోతే, చర్చి వరండాలో పిల్లలు చేసే గోలకు పాస్టరుగారి ప్రసంగం ఎవరికీ వినబడదు! వాళ్లే సండేస్కూలు టీచర్లు. నేనూ వాళ్లలో ఒకదాన్ని.

మాది అనకాపల్లి జిల్లా, అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల. ఊరిపేరు చెప్పగానే అందరూ ‘ఆవ’ గురించే అడుగుతారు. కొల్లేరు తర్వాత అంత పెద్ద మంచినీటి సరస్సు ఇదేనంటారు. తామరపూలు, చలికాలంలో వచ్చే వలస పక్షులు, నీళ్లమీద జారిపోయే తాటిదోనెలు చూడ్డానికి విశాఖపట్నం నుంచి కార్లేసుకుని వస్తారు. వాళ్లు ఫొటోలు తీసుకుంటున్న వేళకు మేం రేకుల షెడ్డు కింద చాపలు పరుస్తుంటాం. ముప్ఫైమంది దాకా పిల్లలు. వాళ్లలో సంఘానికి చెందిన ఇళ్ల పిల్లలే కాదు, పక్క వీధుల్లోంచి పాటల కోసం వచ్చేవాళ్లూ ఉన్నారు. ‘అదేముంది, నాలుగు పాటలు, ఒక కథ, రెండు బిస్కట్లు!’ అని చాలామంది అనుకుంటారు. ఈ పనిలో ఎన్ని చిక్కులున్నాయో, చెయ్యగలిగితే ఎంత మేలుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బడికి పోలేని పిల్లల కోసం...

అసలు సండేస్కూలు పుట్టింది భక్తి పాటల కోసం మాత్రమే కాదు, అక్షరాల కోసం కూడా. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పేదింటి పిల్లలు వారమంతా పనిలో ఉండేవాళ్లు. వాళ్లకు దొరికే తీరిక ఆదివారం ఒక్కటే. 1769లో హై వికం అనే ఊళ్లో హన్నా బాల్ అనే ఆవిడ అలాంటి పిల్లల్ని చేరదీసి ఆదివారం బడి నడిపింది. 1780లో గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు ఇదే పని మొదలుపెట్టాడు. ఆయన మొదటి బడి నడిచింది మెరిడిత్ అనే ఆవిడ ఇంట్లో. 1783లో ఆయన ఆ సంగతి తన పత్రికలో రాశాక ఊరూరా ఇలాంటి బడులు పుట్టుకొచ్చాయి. చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది రైక్స్ పేరే. మెరిడిత్ అమ్మగారి సంగతి ఎంతమందికి తెలుసు? ఆడవాళ్ల పని అప్పుడూ అంతే మరి!

1789లో హన్నా మోర్, ఆమె చెల్లెలు మార్తా కలిసి చెడ్డర్ అనే పల్లెలో బడి పెట్టబోతే అక్కడి మోతుబరి రైతులు అడ్డుపడ్డారు. పేదల పిల్లలకు చదువొస్తే పొలం పనికి ఎవరొస్తారన్నది వాళ్ల భయం. ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ?

మన వైపుకొస్తే, 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పనిలో పడ్డారు. 1812లో శ్రీరాంపురంలో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు దొరలూ కన్నుమూశారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టి క్రమంగా ఉత్తరాంధ్ర ఊళ్లకు విస్తరించారు. 1876లో అలహాబాదులో ఇండియా సండేస్కూల్ యూనియన్ ఏర్పడింది. ఆ రోజుల్లో ‘బైబిలు స్త్రీలు’ అని ఉండేవారు. వాళ్లు మన తెలుగు ఆడవాళ్లే. గడప దాటని ఆడవాళ్ల దగ్గరికి వీళ్లే వెళ్లి కథలు చెప్పి, అక్షరాలు దిద్దించేవారు. ఇప్పుడు చర్చిలో మేం చేస్తున్నది వాళ్లు మొదలుపెట్టిన పనే.

‘నాకు కళ్లు నొప్పి టీచర్’

ఇప్పుడు ఊరూరా బడులున్నాయి కదా, సండేస్కూల్లో అక్షరాలెందుకు అంటారా? ఒక సంగతి చెబుతాను. మా క్లాసులో ప్రతివారం ఒక కంఠత వాక్యం ఉంటుంది. ఒక పదేళ్ల పిల్ల అందరికంటే ముందు అప్పజెప్పేది. అదే వాక్యం పుస్తకంలో చూసి చదవమంటే మాత్రం “నాకు కళ్లు నొప్పి టీచర్” అనేది. ఒకవారం కళ్లు నొప్పి, ఒకవారం పుస్తకం మర్చిపోయాను, ఇంకోవారం గొంతు బాగాలేదు. కొన్ని వారాలు గమనించాక సంగతి అర్థమైంది. ఆ పిల్లకు చదవడం రాదు. పక్కవాళ్ల నోట విని పట్టేస్తోంది. ఎంత తెలివైనదో చూడండి! ఆ తెలివంతా చదువు రాదన్న సంగతి దాచుకోడానికే ఖర్చయిపోతోంది.

వాళ్లమ్మ సెజ్‌లోని బట్టల ఫ్యాక్టరీకి వెళ్తుంది. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, చీకటిపడ్డాక వస్తుంది. ఇంటి దగ్గర మామ్మ ఉంటుంది, ఆవిడకు అక్షరాలు రావు. సంగతి చెబితే వాళ్లమ్మ ముఖం చిన్నబుచ్చుకుని, “నాకేటి తెలుస్తాదమ్మా? అయిదో తరగతి అంటే సదువు వొచ్చేసినట్టే అనుకున్నాను” అంది. ఆమెను తప్పుపట్టగలమా?

అప్పట్నుంచీ క్లాసు అయ్యాక అరగంట ఆగడం మొదలుపెట్టాం. గుణింతాలు, ఒత్తులు, చిన్న చిన్న మాటలు. పాటల పుస్తకమే వాచకం. నోటికి వచ్చిన పాటను అచ్చులో చూస్తే, ఏ అక్షరానికి ఏ శబ్దమో పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అలా ఆగేవాళ్లు ఆ పిల్లతో కలిపి ఇప్పుడు ఆరుగురయ్యారు. మొన్న క్రిస్మస్ ఆరాధనలో ఆ పిల్లే మైకు ముందు నిలబడి వాక్యం చూసి చదివింది. తడబడింది, ఒకచోట ఆగిపోయింది, మళ్లీ అందుకుంది. వాళ్లమ్మ వెనక వరసలో కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆవ చూపిస్తే చాలు

కథ చెప్పడంలో ఒక కిటుకుంది. పిల్లలకు తెలిసిన దాన్నుంచి తెలియని దానికి వెళ్లాలి. గలిలయ సముద్రంలో తుపాను కథ చెప్పేటప్పుడు, సముద్రం అనగానే మా పిల్లలకు పూడిమడక తీరం గుర్తొస్తుంది. నిజానికి గలిలయ సముద్రం మన ఆవలాంటి మంచినీటి సరస్సే. కాకపోతే చాలా పెద్దది, పొడవు 21 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఈ మాట చెప్పి, “ఆవలో దోనె మీదున్నప్పుడు గట్టిగా గాలేస్తే ఎలా ఉంటుంది?” అని అడిగితే చాలు. వేటకెళ్లే ఇళ్ల పిల్లలు కథ మన చేతుల్లోంచి లాక్కుని వాళ్లే చెప్పేస్తారు. జక్కయ్య ఎక్కిన మేడిచెట్టుకు కూడా బొమ్మ వెతకక్కర్లేదు, పెరట్లో చూపిస్తే సరి.

ఆడపిల్లలకు నేను తప్పకుండా చెప్పే కథ నయమాను ఇంట్లో ఉన్న చిన్న పనిపిల్లది. ఆ పిల్లకు బైబిల్లో పేరు కూడా లేదు. పరాయి దేశంలో చెరపట్టి తెచ్చిన పిల్ల. కానీ అంతటి సేనాపతికి జబ్బు నయమయ్యే దారి చూపింది ఆ పిల్ల మాటే. ‘నీ మాటకూ విలువుంది’ అని ఆడపిల్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది?

పాటల విషయంలో రెండూ కలుపుతాం. ఫోన్‌లో వచ్చే కొత్త యాక్షన్ పాటలంటే పిల్లలకు సరదా. వాటితోపాటు నెలకొక పాత కీర్తన నేర్పుతాం. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తన పిల్లలు ఎత్తుకుంటే, ముందు వరసలో ముసలమ్మలు కళ్లు మూసుకుని తాళం వేస్తారు. మామ్మకూ మనవరాలికీ కలిపి తెలిసిన పాట ఇంట్లో ఒక్కటైనా ఉండొద్దూ?

అమ్మానాన్నల మాట ముందు

ఇది చాలా సున్నితమైన సంగతి. మా క్లాసుకు హిందువుల ఇళ్లనుంచి కూడా పిల్లలొస్తారు. ఒకసారి అలాంటి ఒక తల్లి నన్ను వీధిలో ఆపి నిక్కచ్చిగా అడిగింది: “మా గుంటకి మీ పాటలంటే ఇష్టం, వొస్తానంటే వొద్దనలేదు. గానీ మా ఇంట్లో దేవుడికి దండం ఎట్టొద్దని మాత్రం సెప్పకండి టీచరమ్మా!” నాకు ఆవిడ అడిగిన తీరు నచ్చింది. “చెప్పనమ్మా. మీరు కూడా ఒక ఆదివారం వచ్చి వెనకాల కూర్చుని వినండి” అన్నాను. నిజంగానే వచ్చి కూర్చుంది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ ఇంటి పిల్లయినా సరే, తల్లో తండ్రో వచ్చి ‘మా పిల్ల వస్తుంది’ అని చెప్పి, నోటుపుస్తకంలో పేరు, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టాలి. ఏం నేర్పుతున్నామో ముందే చెబుతాం. బిస్కట్లు, పెన్సిళ్లు, క్రిస్మస్ బహుమతులు వచ్చిన పిల్లలందరికీ ఒక్కలాగే ఇస్తాం. ‘ఇది నమ్మితే అది ఇస్తాం’ అన్న మాట క్లాసులో వినపడకూడదు. ఆశపెట్టి, భయపెట్టి పిల్ల మనసులో ఏదీ నాటకూడదు. ఇది మా విశ్వాసానికీ మంచిదే, ఇరుగుపొరుగుతో స్నేహానికీ మంచిదే.

తలుపు తెరిచే ఉండాలి

ఇక అన్నిటికంటే కష్టమైన విషయం. రెండేళ్ల క్రితం మేం టీచర్లం కూర్చుని కొన్ని నియమాలు రాసుకున్నాం. క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఏ పెద్దా, ఎంత మంచివాడైనా, పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. తలుపులు, కిటికీలు తెరిచే ఉండాలి. చిన్నపిల్లల్ని బాత్‌రూముకు ఇద్దరు ఆడవాళ్లు తీసుకెళ్లాలి. క్లాసయ్యాక పిల్లను ఇంటివాళ్లకే అప్పజెప్పాలి. బైకు మీద దింపేస్తానని ఎవరన్నా సరే, వద్దని చెప్పాలి.

సంఘంలో ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు మిఠాయిలు పంచే మనిషి, అందరూ గౌరవించే మనిషి. “ఏటమ్మా, మమ్మల్ని దొంగల్లా చూస్తన్నారా? దేవుని మందిరంలో ఈ పోలీసు రూల్సేటి?” అన్నారు. విషయం కమిటీకి వెళ్లింది. కమిటీలో అందరూ మగవాళ్లే. ‘పెద్దవాళ్ల మనసు నొప్పించడం ఎందుకు, ఆ కాగితం తీసేయండమ్మా’ అన్నారు. ‘లేకపోతే కొన్నాళ్లు సండేస్కూలు ఆపేద్దాం’ అని కూడా ఒక మాట వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాగితం తీసేస్తే క్లాసు నిలబడుతుంది. కానీ ముప్ఫైమంది తల్లులు నమ్మకంతో పంపుతున్న పిల్లలు! ఒక్క పిల్లకు ఏమైనా అయితే తర్వాత ఎన్ని ప్రార్థనలు చేస్తే ఆ పసిమనసు తిరిగొస్తుంది? మర్నాడు నేను ఒక్కదాన్నే వెళ్లలేదు. స్త్రీల సమాజం వాళ్లం పదకొండుమందిమి కలిసి వెళ్లాం. ‘ఈ రూలు మీమీద అనుమానంతో పెట్టింది కాదండీ. మాకు కూడా ఇదే రూలు. రేపు ఎవరైనా మీమీద లేనిపోని మాట అంటే మిమ్మల్ని కాపాడేదీ ఇదే’ అని చెప్పాం. చట్టం సంగతి కూడా చెప్పాం.

అక్కలూ, ఇది మీరూ తెలుసుకోవాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, ఆడపిల్లలైనా మగపిల్లలైనా. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే అదీ నేరమే. ‘సంఘం పరువు’ అని లోపల్లోపల సర్దేయడానికి వీల్లేదు. పిల్ల ఎవరో బయటికి తెలిసేలా నలుగురిలో మాట్లాడనూ కూడదు. పిల్లల సహాయానికి 1098 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు ఖర్చు కాదు. ఈ నంబరు మా గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

చివరికి కమిటీ ఒప్పుకుంది. కాగితం గోడమీదే ఉంది. ఆ పెద్దాయన నాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతారు. కానీ ప్రతి ఆదివారం తన మనవరాల్ని తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, నోటుపుస్తకంలో సంతకం పెట్టి మరీ వెళ్తారు. నాకు అది చాలు.

పెద్దపిల్లలు ఎందుకు మానేస్తారు?

ఏడో తరగతి దాటేసరికి పిల్లలు పలచబడతారు. ఆదివారం ట్యూషన్లు, స్పెషల్ క్లాసులు ఒక కారణం. ‘మేం ఇంకా చిన్నపిల్లలమా, చప్పట్లు కొట్టడానికి?’ అన్న సిగ్గు ఇంకో కారణం. వాళ్లను చాపమీద కూర్చోబెట్టి అదే కథ మళ్లీ చెబితే ఎందుకొస్తారు? అందుకే వాళ్లకు పని అప్పగించాం. ఒకరు హాజరు వేస్తారు, ఒకరు డప్పు వాయిస్తారు, ఒకరు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తారు. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలతో నెలకొకసారి విడిగా కూర్చుంటాం. నెలసరి, ఫోన్లో వచ్చే మెసేజీలు, పదో తరగతి తర్వాత ఏం చదవాలి, పెళ్లి ఊసెత్తితే ఇంట్లో ఎలా మాట్లాడాలి... అన్నీ అడుగుతారు. అమ్మతో అనలేని మాట అక్కతో అంటారు. ఆ నమ్మకాన్ని మాత్రం మనం నిలబెట్టుకోవాలి.

వేసవి సెలవుల్లో వి.బి.ఎస్. పెడతాం. ఇదీ ఒక ఆడమనిషి చలవే. 1898లో న్యూయార్క్‌లో హాస్ అనే ఆవిడ సెలవుల్లో వీధుల్లో తిరిగే పిల్లల కోసం మొదలుపెట్టిందని చెబుతారు. మాకైతే మే నెలలో ఇంకో కారణం కూడా ఉంది. సెలవులిస్తే పిల్లలు నీళ్లవైపు పరిగెడతారు. తల్లులు డ్యూటీల్లో ఉంటారు. పొద్దుటిపూట వాళ్లు మా కళ్లముందుంటే మాకూ, తల్లులకూ గుండెమీద చెయ్యి వేసుకున్నట్టుంటుంది. ఆవ గట్టుకు షికారు తీసుకెళ్లినప్పుడు కూడా ప్రతి అయిదుగురికీ ఒక పెద్దమనిషి ఉండాలి. దోనె ఎక్కించేది లేదు, ఎంత ఏడ్చినా సరే!

మీరూ మొదలుపెట్టాలంటే...

* ముందు కనీసం ఇద్దరు తోడు చూసుకోండి. ఒక్కరే మొదలుపెడితే ఒక్క జ్వరంతో క్లాసు ఆగిపోతుంది.

* పిల్లల్ని వయసును బట్టి విడదీయండి. ఆరేళ్లలోపు, ఏడు నుంచి పదకొండు, ఆ పైన. స్థలం చాలకపోతే మూడు చాపలు వేసినా చాలు.

* గంటన్నర దాటనీయకండి. పాటలు, కథ, చేత్తో చేసే పని, ఆట. చిన్నపిల్లలకు కథ పది నిమిషాలు మించకూడదు.

* ఖర్చుకు భయపడకండి. పాత క్యాలెండర్లు, శుభలేఖలు, కొబ్బరి ఈనెలు, గింజలు, చిరిగిన చీర ముక్కలతో ఎన్నో బొమ్మలు చేయొచ్చు. వచ్చిన ప్రతి రూపాయీ పుస్తకంలో రాసి సంఘానికి లెక్క చూపించండి.

* రాని పిల్లను మర్చిపోకండి. రెండు వారాలు రాకపోతే ఇంటికి వెళ్లి పలకరించండి. జ్వరమో, ఇంట్లో గొడవో, బడి మాన్పించి పనికి పంపుతున్నారో అక్కడే తెలుస్తుంది.

* కొట్టకండి, నలుగురిలో చిన్నబుచ్చకండి, ‘దేవుడు శిక్షిస్తాడు’ అని భయపెట్టకండి.

* పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల్ని అడక్కుండా ఫోన్లో ఎక్కడా పెట్టకండి.

* పిల్లల పని చేసేవాళ్లలో ఒక్క ఆడమనిషైనా సంఘం కమిటీలో ఉండాలని అడగండి. పని మనది, నిర్ణయం ఇంకొకరిది అంటే ఎలా? మా సంఘంలో ఈ ఏడాది నుంచి ఒక టీచరమ్మ కమిటీలో కూర్చుంటోంది. ఒక్క కుర్చీకి ఎంత కదలిక వచ్చిందనుకున్నారు!

మీది ఏ చర్చి అయినా కావచ్చు, అసలు చర్చే కాకపోవచ్చు. గుడి మండపమో, మసీదు పక్క గదో, అంగన్‌వాడీ అరుగో. వారానికి గంటన్నర ఒక పిల్ల మాట చెవిపెట్టి వినే పెద్దమనిషి ఎక్కడున్నా అక్కడో మంచి బడి ఉన్నట్టే. మన వీధిలో పుస్తకం ఇస్తే కళ్లు నొప్పి అని చెప్పే పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. కథలు చెప్పడం రాదే అని జంకకండి. ముందు ఆ పిల్ల చెప్పేది వినండి. మిగతావి పిల్లలే నేర్పేస్తారు. ఏమంటారు?